వడ్డి విషయమున బైబిలు నీతి నేటికిని చెల్లునా?

బైబిలునందలి నీతి యీ కాలమునకు చెల్లునా యను ప్రశ్న మన పాఠశాలల వక్తృత్వ సభలయందు తరచుగ వినవచ్చుచున్నది. చెల్లదనువారు రాళ్లతో గొట్టి చంపు శిక్షలను, దాసులను గూర్చిన విధులను జూపుదురు. చెల్లుననువారు పది యాజ్ఞలను, కొండమీది ప్రసంగమును జూపుదురు. ఉభయులును తమకు ననుకూలమైన పుటలనే తెరచుటచే వాదము గంట మ్రోగువరకు సాగి ముగియును. ఎవ్వని యభిప్రాయమును మారదు. ఈ ప్రశ్నను మొత్తముమీద చర్చించుటకంటె ఒక్క విధిని గైకొని, అది పుట్టిననాటినుండి నేటివరకు ఎట్లు నడచినదో పరిశీలించితిమేని కొంతయైన తేలవచ్చునని నా తలంపు. అందులకై నేను వడ్డిని గైకొనుచున్నాను. బైబిలు ఇంత స్పష్టముగ నిషేధించియుండగా, క్రైస్తవలోకము ఇంత సంపూర్ణముగ విడిచిపెట్టిన విధి మఱియొకటి నాకు గానరాదు. అదియునుగాక, ఈ సంచికను జదువు బాలబాలికల యిండ్లలో అప్పులేని యిల్లు మిక్కిలి యరుదు.

నిర్గమకాండము 22వ యధ్యాయమున, బీదవానికి సొమ్మిచ్చినవాడు వడ్డివ్యాపారివలె మెలగరాదను విధి యున్నది. లేవీయకాండము 25వ యధ్యాయము సొమ్ముతోపాటు ఆహారమును గూడ జేర్చి, తిండిగింజ లిచ్చి యెక్కువ కొలిపించుకొనుటను మాన్పినది. విత్తనములకై నాగుకు ధాన్యము దెచ్చుకొను రైతునకు దీని యర్థము విప్పి చెప్పనక్కరలేదు. ద్వితీయోపదేశకాండము 23వ యధ్యాయము మఱింత విశాలమై, వడ్డికి బోవు వస్తువేదైనను సరే, స్వజనుని యొద్ద దానిపై వృద్ధి పుచ్చుకొనరాదనినది. దేవుని సన్నిధిని నిలువదగినవా డెవ్వడని యడిగెడు 15వ కీర్తన వడ్డికి సొమ్మియ్యని లక్షణమును తుదివచనమున జేర్చినది. యెహెజ్కేలు ప్రవక్త వడ్డి గైకొనుటను దోపిడికిని వ్యభిచారమునకును సరసనే కూర్చుండబెట్టెను. లూకా సువార్త 6వ యధ్యాయమున యేసుప్రభువు ఇంకొక యడుగు ముందునకు వైచి, తిరిగి వచ్చునను నాస లేకయే యప్పిమ్మనెను. మత్తయి సువార్తలోని ప్రభుప్రార్థనయందు మనము ప్రతిదినమును పలుకు మాట కూడ ఋణమే. ఉదయపు ప్రార్థనలో దానిని బలుకునపుడు షావుకారును దలచువా రెందరో నే నెఱుగను.

వడ్డికి హెబ్రీ భాషలో నెషెఖ్ అని పేరు. ఆ పదము కఱచుట యను ధాతువునుండి పుట్టినది. పాము కఱచినపుడు మొదట చిన్న గాటే కనబడును; విషము తరువాత నెక్కును. చక్రవడ్డిని ఇంతకంటె బాగుగ వర్ణింపగల పదము మఱియొక భాషలో నున్నదో లేదో! మన తెలుగున నిందుకు భిన్నమైన యొక చమత్కారము గలదు. మనవారు ధర్మవడ్డి యను మాటను గల్పించికొనిరి. మోషే ధర్మశాస్త్రమునుబట్టి చూచిన నా రెండు పదములు ఒక్కచోట నిముడవు. మన పెద్దలకు మాత్రము వడ్డిలో ధర్మమైనదియు గలదు, కానిదియు గలదు. మనుస్మృతి వడ్డికి వర్ణమునుబట్టి రేట్లు విధించి, నెలకు నూటికి రెండు మొదలు ఐదు వరకు పుచ్చుకొనవచ్చుననెను. అందును విచిత్రమేమన, పైవర్ణమువానికి తక్కువ, క్రిందివర్ణమువానికి నెక్కువ. అయినను, వడ్డి పెరిగి పెరిగి అసలుతో గలిసి అసలునకు రెట్టింపు మించరాదను కట్టుబాటును గూడ నా స్మృతియే చేసినది. ఎవరి గ్రంథమునందు మెచ్చదగినది మెచ్చి, మెచ్చరానిది విడుచుట న్యాయముగదా.

అట్లనుకొన్న మీదట, మన గ్రంథమునందు మెచ్చరాని దానిని గూడ దాచరాదు. ద్వితీయోపదేశకాండమునందలి యా యధ్యాయమే స్వజనునియొద్ద వడ్డి వలదని, మఱుక్షణమున అన్యునియొద్ద పుచ్చుకొనవచ్చునని సెలవిచ్చినది. అన్యుడనగా దారినబోవు వర్తకుడనియు, అతడు తిండికిగాక వ్యాపారమునకై యప్పు చేయువాడనియు గొందరు పండితులు సమాధానము చెప్పుదురు. అది కొంతవరకు యుక్తియుక్తమే. కాని ఆ యొక్క వాక్యము మధ్యకాలపు ఐరోపాలో జేసిన పని చూడుడు. 1179లో జరిగిన మూడవ లాటెరను సభ, ప్రసిద్ధులైన వడ్డివ్యాపారులకు ప్రభు బల్లయందు పాలుగాని క్రైస్తవ శ్మశానమున చోటుగాని లేదని శాసించినది. 1311లో ప్రారంభమైన వియెన్ను సభ, వడ్డి పాపముకాదని మొండిపట్టు పట్టువానిని మతద్రోహిగ నెంచి శిక్షింపుమన్నది. క్రైస్తవుడు చేయరాని యా పనిని చేయుటకు యూదులు మిగిలిరి. అనేక స్థలములలో వారికి భూమియు లేదు, చేతిపనుల సంఘములలో బ్రవేశమును లేదు. రాజులు వారిచేత అప్పులిప్పించి, వారినుండి పన్నులు పిండిరి. ఇంగ్లండున 1275లో ఆ వృత్తిని గూడ నిషేధించి, 1290లో మొదటి ఎడ్వర్డు రాజు వారిని దేశమునుండియే వెడలగొట్టెను. షేక్స్పియరు నాటకమున షైలాకును జదివి నవ్విన మనము, అతని నా యంగడిలో గూర్చుండబెట్టిన దెవ్వరని యడుగుట లేదు. తమవారికొక నీతి, పైవారికొక నీతి యను పద్ధతి నేడు చెల్లదు. ఏనాడును చెల్లియుండవలసినది కాదు. సమరయుని యుపమానము విన్నవారు ఆ భేదమును బాటించిరనగా వినుట వేఱు, పట్టించుకొనుట వేఱని తెలియుచున్నది.

ఇక నిషేధము ఎట్లు కరగిపోయెనో చూతము. ఫ్లోరెన్సు నగరమున మెడిచీ వంశమువారు 1397లో బ్యాంకు స్థాపించి, వడ్డియనక హుండీల మారకపు లాభమని పేరు మార్చి లోకమెల్ల వ్యాపించిరి. వారి ఖాతాదారులలో పోపుగారును ఒకరు. పేరు మార్చిన పాపము తేలికయగునని మానవుడు నమ్ముట చరిత్రయందు క్రొత్తగాదు. ఇంతకంటె శ్లాఘనీయమైన ప్రయత్నము ఫ్రాన్సిస్కను సన్న్యాసులది. 1462లో పెరూజియా పట్టణమున వారొక దయానిధిని స్థాపించి, బీదల వస్తువులను కుదువబెట్టుకొని, గుమాస్తాల జీతములకు, గిడ్డంగి యద్దెకు సరిపడు స్వల్పమైన రుసుము మాత్రమే గైకొని యప్పులిచ్చిరి. ఇదియు వడ్డియేయని కొందరు సన్న్యాసులే కేకలు వైచిరి. 1515లో పోపు పదవ లియో కాలమున సభ వారి పద్ధతిని సమ్మతించినది. తరువాత 1545లో జాన్ కాల్విను ఒక మిత్రునకు వ్రాసిన యుత్తరమున, బైబిలు నిషేధించినది బీదవానిని పీడించు వడ్డినే గాని, సొమ్ముతో సొమ్ము సంపాదింపగల వర్తకునియొద్ద మితమైన లాభమును గాదని తీర్పు చెప్పెను. బీదవానియొద్ద మాత్రము పుచ్చుకొనరాదని హద్దును గీచెను. ఆ యేటనే ఇంగ్లండున ఎనిమిదవ హెన్రీ నూటికి పది వరకు వడ్డిని చట్టసమ్మతము గావించెను. అది 1552లో రద్దై, 1571లో తిరిగి వచ్చి, తుదకు 1854లో వడ్డికి హద్దులు విధించు చట్టములన్నియు నచ్చట తుడిచిపెట్టబడినవి. కాల్విను తెరచిన తలుపు లోకమునకు జ్ఞాపకమున్నది. అతడు గీచిన హద్దు జ్ఞాపకము లేదు.

ఇచ్చట నీ కాలపు యువకుడు లేచి, "బ్యాంకులు లేనిది లోకము నడుచునా?" యని యడుగును. నడువదు. అతని ప్రశ్న సమంజసమైనది, దానిని తప్పించుకొనరాదు. మోషే కాలమున అప్పిచ్చువాడు ధనికుడు, పుచ్చుకొనువాడు బీద. నేడు బ్యాంకులో తారుమారైనది. భర్త మరణించిన పిమ్మట వచ్చిన కొద్ది సొమ్మును డిపాజిట్టు చేసిన విధవ అప్పిచ్చునది. ఆ సొమ్ముతో మిల్లు కట్టు షావుకారు పుచ్చుకొనువాడు. నూటికి ఐదారు వంతున ధరలు పెరుగుచుండగా, ఆమెకు వడ్డి యియ్యకున్న నేటికేడు ఆమె అసలే కరగిపోవును. వెండిని తూచి యిచ్చి వెండిని తూచి పుచ్చుకొను కాలమున నీ చిక్కు లేదు. కావున అక్షరమునుబట్టి నేడు వడ్డిని నిషేధించినచో, విధవను రక్షింపవలసిన విధియే విధవను దోచునదగును. అంతయేల? మన మిషను పాఠశాలలలో వార్షికోత్సవమున నిచ్చు బహుమతులు ఏ దాతయో బ్యాంకులో నుంచిన నిధియొక్క వడ్డితో గొన్నవే గదా. వానిని బుచ్చుకొనిన బాలుడు పాపము చేసెనని నేననను. తలాంతుల యుపమానమున యజమానుడు తన సొమ్మును సాహుకారులయొద్ద నుంచియుండిన వడ్డితో వచ్చెడిదని సోమరి దాసునితో ననుట యెల్లరును ఎఱిగినదే; ఆ యుపమానము వడ్డిని సమర్థించుటకు జెప్పినది గాకున్నను, అట్టి వ్యాపారము శ్రోతలకు పరిచితమని మాత్రము తెలుపుచున్నది. యూదులు నేటికిని అప్పును భాగస్వామ్యముగ మార్చు హెతేర్ ఇస్కా యను పత్రమును వ్రాసికొందురు. మహమ్మదీయులు వస్తువును గొని లాభమునకు విక్రయించు పద్ధతిని బ్యాంకులలో బెట్టిరి. ఇవి కపటములని నవ్వువారుందురు. నాకు మాత్రము, విధిని మఱచిపోవుటకంటె దానిని తప్పించుకొనుటకు ఇంత శ్రమపడుట మేలనిపించును; శ్రమపడువానికి విధి జ్ఞాపకముండును.

అయితే వ్యాపారపు టప్పునకు జెల్లిన యీ సమాధానమును దెచ్చి కూలివాని యప్పునకు గూడ నంటగట్టుదురు. అసలు మోసమంతయు నిచ్చటనే యున్నది. మన పట్టణపు సంతలలో కూరగాయలమ్ము స్త్రీ పదివేల రూపాయ లప్పడిగిన, వ్యాపారి పదునైదు వందలు ముందుగనే పట్టుకొని 8,500 రూపాయలు చేతిలో బెట్టును. దినమునకు 100 రూపాయల వంతున 100 దినములు వసూలు చేయును. నూటికి పదునైదే గదాయని యామెయు ననుకొనును, ఆమె కొడుకును ననుకొనును. వాడు గణితమున నూటికి తొంబది మార్కులు దెచ్చుకొన్నవాడే. కాని ఆమెయొద్ద నున్న సొమ్ము దినదినము తగ్గుచుండునుగదా. నూరు దినములును సరాసరిని ఆమె చేతనున్నది నాలుగు వేల మూడు వందలకు మించదు. ఆ మొత్తముపై నూరు దినములకు 1,500 రూపాయలనగా, ఏటికి నూటికి నూటయిరువదికి పైమాటే. మనవారి లెక్కలో నెలకు పది రూపాయల వడ్డికి మించినది. బారువడ్డి, చక్రవడ్డి సూత్రములను వల్లించు మన తరగతులలో ఈ లెక్క నొక్క దినమైన వేయించినచో బాగుండును. మిల్లు కట్టు షావుకారు నూటికి పది యిచ్చును. కూరల బుట్ట మోయు స్త్రీ నూటయిరువది యిచ్చును. ఆమెకు వర్తించు విధి కాలము చెల్లినదని చెప్పుటకు నాకు నోరాడదు.

వడ్డిని మాత్రమే చూచి, దాని ప్రక్కనున్న విధులను మనవారు చూడరు. నా దృష్టికి అవియే ముఖ్యమైనవి. ద్వితీయోపదేశకాండము 24వ యధ్యాయము తిరుగటినిగాని తిరుగటి పైరాతినిగాని తాకట్టు పట్టరాదని చెప్పినది. రాయి పోయినచో పిండి లేదు, పిండి లేనిచో నాటికి రొట్టె లేదు. అది ప్రాణమును తాకట్టు పట్టుటతో సమానము. బీదవాని పైవస్త్రమును కుదువబెట్టుకొన్న యెడల ప్రొద్దుగ్రుంకులోపల మరల నిచ్చివేయవలెను, రాత్రి వాడు కప్పుకొనునది అదియే. ఈ విధులు మూడువేల యేండ్ల నాటివని తీసివేయువారు మన 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో 60వ సెక్షను దెఱచి చూతురుగాక. డిక్రీ పొందిన ఋణదాత అప్పులవాని కట్టుబట్టలను, వంటపాత్రలను, పడకలను జప్తు చేయరాదు. పనివాని పనిముట్లను ముట్టరాదు. రైతైనచో నాగలి మొదలగు సాధనములను, దున్నుటకు గావలసిన పశువులను, విత్తనపు ధాన్యమును తాకరాదు. తిరుగటి రాయి యచ్చట నాగలియైనది, అంతియే భేదము. చట్టమును వ్రాసినవారు మోషేను జూచి వ్రాసిరని నేననుట లేదు. మనుష్యుని బ్రతుకుదెరువును తాకట్టుపట్టిన నప్పును దీరదు, మనుష్యుడును మిగులడు అను తెలివి యుభయులకును గలిగినదని మాత్ర మనుచున్నాను. 1980లో జస్టిసు కృష్ణయ్యరుగారు సుప్రీముకోర్టునందు, దురుద్దేశము లేక కేవలము బీదతనమువలన అప్పు తీర్చలేనివానిని చెఱసాలలో వేయరాదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు చదివినపుడెల్ల, అప్పులవాని విధవ తన యిద్దరు కొడుకులను ఋణదాత దాసులుగ గొనిపోవ వచ్చెనని ఎలీషాతో మొరపెట్టుకొన్న కథ నాకు దోచును. మన దేశమున అప్పునకై మనుష్యుని వెట్టికి గట్టివేయు పద్ధతిని 1976 నాటి చట్టము రద్దుచేసినది; దానికి పూర్వ మట్టి కొడుకులు మన పల్లెలయందును గలరు.

ఆ యధ్యాయముననే యింకొక చిన్న విధి గలదు. దానిని బోధకులు సాధారణముగ జదివి ముందునకు సాగిపోవుదురు. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువునకై అప్పులవాని యింటిలోనికి బోరాదట! వీధిలో నిలువవలెనట; అప్పులవాడే తెచ్చి చేతికియ్యవలెనట. ఎంత స్వల్పమైన మర్యాద! సొమ్ము బాకీపడినంత మాత్రమున వాని గడప పరులది గాదు, భార్యాబిడ్డల యెదుట వానిని చులకన జేయు హక్కు నీకు లేదని దాని భావము. ఈ విధి నేటికాలపు సెల్‌ఫోను అప్పులకు సరిగ కుట్టినట్లున్నది. 2020వ సంవత్సరపు డిసెంబరు మాసమున హైదరాబాదు, సైబరాబాదు పోలీసువారు కొన్ని లోన్ యాప్‌ల నిర్వాహకులను పట్టుకొనిరి. ఆ యాప్‌లు వారము పదిదినముల గడువుతో నప్పులిచ్చి, అప్పులవాని ఫోనులోని బంధుమిత్రుల నంబర్లను, ఛాయాచిత్రములను లాగికొని, గడువు దప్పగనే వారందరికిని వీడు దొంగయని సందేశములు పంపునవి. ఆ యవమానమున బ్రాణములు దీసికొన్నవారు తెలుగు దేశమున ననేకులు. ఫోను నేటి గృహము. అందు భార్య యున్నది, తల్లి యున్నది, బడి స్నేహితు లున్నారు. ఋణదాత వీధిలో నిలువక లోపలికి జొచ్చెను. 2022లో రిజర్వు బ్యాంకు, అప్పిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితాను, చిత్రములను తాకరాదని యుత్తరువు చేసినది. వీధిలో నిలువుమని మఱియొకమాఱు చెప్పినట్లైనది. ఇట్టి యుత్తరువు అవసరమైన కాలమును జూచి, ఆ పాత విధికి కాలము చెల్లినదని యెట్లనుదుము?

ఋణవిమోచన సంవత్సరము మాట వచ్చునప్పటికి నా వాదమంత సులభముగ సాగదు. ఏడేండ్లకొకమాఱు అప్పులను విడిచిపెట్టుమని ద్వితీయోపదేశకాండము 15వ యధ్యాయము. ఏడవ యేడు సమీపించినదని చేయి బిగబట్టి బీదవానికి అప్పియ్యకుండుట పాపమని యా యధ్యాయమే హెచ్చరించినది. అనగా, అప్పులు మాఫీయైనచో క్రొత్త యప్పు పుట్టదను నేటి బ్యాంకు మేనేజరుగారి వాదము మోషే చెవినిగూడ బడియున్నది. హెచ్చరిక పనిచేయలేదు. క్రీస్తునకు గొంచెము ముందు హిల్లేలు పండితుడు, అప్పు పత్రములను న్యాయస్థానమునకు అప్పగించినచో అవి యేడవయేట రద్దుగావను ఉపాయమును గల్పించెను. బీదలకు అప్పు పుట్టుటకే యతడట్లు చేసెను. మన దేశముననిట్టిదే చూచితిమి. 1938 నాటి చెన్నరాజధాని వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము, 1932 అక్టోబరునకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీకి నిలిచియున్న వడ్డిని తుడిచివైచి, అసలునకు రెట్టింపు చెల్లించినవాని అప్పు పూర్తిగ దీరినదనెను. కోస్తా, రాయలసీమ జిల్లాలలో దానివలన బాగుపడిన కుటుంబములు గలవు. ఆ పిమ్మట షావుకారు తలుపు మూయగా కష్టపడినవియు గలవు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థల వసూళ్లను కట్టడిచేయుచు ఆర్డినెన్సు చేసినది. వారవారము వాయిదాలకై స్త్రీల గుంపులను ఇండ్లమీదికి గొనివచ్చి కూర్చుండబెట్టు పద్ధతియు, ఆత్మహత్యల వార్తలును దానికి కారణములు. ఆ కొలది మాసముల ముందే హైదరాబాదున బుట్టిన యొక పెద్ద సంస్థ తన వాటాలను స్టాకు మార్కెట్టున విక్రయించి గొప్ప ధనము సంపాదించెను. ఆర్డినెన్సు వెంట వసూళ్లు నిలిచినవి. సంస్థలు క్రొత్త అప్పులు మానినవి. దినవడ్డి వ్యాపారి మరల సంతకు వచ్చెను. విజయవాడలో 2015 డిసెంబరున వెల్లడియైన కాల్‌మనీ వ్యవహారము, అప్పు పేరిట స్త్రీలను ఎట్టి దశకు దింపుదురో చూపినది. కావున మాఫీ చేసినంతనే బీదవాడు బాగుపడునని నేను జెప్పజాలను. తక్కువ వడ్డికి అప్పు పుట్టు వేఱొక తావు ముందుగ నుండవలెను.

అట్టి తావును గల్పించినవా డొకడు బైబిలును జేతబట్టుకొన్న పల్లెటూరి యధికారి యగుట ఇచ్చట చెప్పదగిన విషయము. జర్మనీలో ఫ్రెడరికు రైఫైజెన్ 1864లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున, రైతులు ఒకరికొకరు పూటపడి తమ యప్పులను దామే సమకూర్చుకొను సంఘమును స్థాపించెను. చెన్నరాజధాని ప్రభుత్వము పక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతిని పరిశీలించి 1895లోను 1897లోను నివేదికలు ప్రకటించి, మన జిల్లాలకు గావలసినది రైఫైజెనువంటి మనుష్యుడని తేల్చెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మన గ్రామములలోని సహకార సంఘములకు, కొంతవరకు స్త్రీల పొదుపు సంఘములకును, దూరపు వంశవృక్షమున నా జర్మనీ పల్లెటూరు గలదు. 2004 తరువాత మన తల్లులు పావలావడ్డికి, అనగా ఏటికి నూటికి మూడు వంతున, బ్యాంకు సొమ్మును వాడుకొన్నారు. కొన్నాళ్లకు వడ్డిలేని ఋణములనియు వచ్చినవి. ప్రభుత్వములు తమ రాజకీయ ప్రయోజనములకే చేసినను, వడ్డిలేని ఋణ మను మాట మంత్రుల నోట వినుట యెంత వింత! అది లేవీయకాండమునందలి మాట.

విమోచన సంవత్సరము నేడు పూర్తిగ మాసిపోలేదు. వచ్చిన తలుపు మాత్రము మారినది. 2016 నాటి దివాలా స్మృతి క్రింద వేలకోట్లు బాకీపడిన కంపెనీలు ఋణదాతలకు సగముకంటె తక్కువ చెల్లించి, పాత లెక్క తుడిచికొని, క్రొత్త యజమానుని చేతిక్రింద మరల నడుచుచున్నవి. ఇది తప్పని నేననను. కర్మాగారము మూతపడుటకంటె నడుచుట మేలు, కూలివాండ్ర కడుపు నిండును. కాని యా స్మృతిలోనే వ్యక్తులకు, సన్నకారు అప్పులవారికి ఉద్దేశింపబడిన భాగము 2019లో కంపెనీలకు హామీ నిలిచినవారికి మాత్రమే అమలులోనికి వచ్చినది. పెద్దవానికి లభించు ఏడవ యేడు కూరలమ్మునామెకు లభింపదు. మోషే విధి నా యక్రమమునకు సరిగ వ్యతిరేకదిశను నిలిచియున్నది.

ఇంతవరకు వ్రాసిన దంతయు లోకమును గూర్చి. ఇక మనవారి మాట. మన సంఘములలో మద్యపానమును గూర్చి, సినిమాలను గూర్చి, స్త్రీల యాభరణములను గూర్చి ప్రసంగములు వినినన్ని వినితిని. నెహెమ్యా గ్రంథము 5వ యధ్యాయముపై మాత్ర మొక్క ప్రసంగమును వినలేదు. అందు ధాన్యమునకై పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టుకొన్న జనులు, రాజు పన్ను కట్టుటకు అప్పుచేసినవారు, కుమార్తెలను దాస్యమునకిచ్చినవారు వచ్చి మొరపెట్టిరి. వారిని పీడించినవారు పరదేశులు గారు. గోడ కట్టుటలో ప్రక్కన నిలిచిన స్వజనులే. వారు పుచ్చుకొనుచుండినది నూటికొక వంతు. నెలకని పలువురు వ్యాఖ్యాతలు. మన లెక్కలో నది రూపాయి వడ్డి. నేడు మన యూళ్లలో రూపాయి వడ్డికిచ్చువానిని దయాళువందురు! నూటికి రెండు, మూడు రూపాయల వడ్డికి ప్రామిసరీ నోట్లు వ్రాయించుకొని, ఆదివారమున ముందు బల్లపై గూర్చుండి కానుక పళ్లెమును పట్టు పెద్దలు లేరా? తన సంఘములోని కూలివానికే యిచ్చి, తప్పిన వాయిదాకు వాని యింటి ముంగిట కేకలు వైచువారు లేరా? వారిని లోకము నడుచుచున్న తీరున నడుచుచున్నారని సమర్థించువారు, బైబిలు నీతి నేటికిని చెల్లునని వక్తృత్వ సభలో వాదించుట మానవలెను. చెల్లదను యువకుడు వారికంటె నిజాయితీపరుడు. వాడు చెల్లదని చెప్పి చెల్లనట్లు నడుచుకొనుచున్నాడు.

నెహెమ్యా చేసినది మఱియొకటి గలదు. పెద్దలను గద్దించుచు, తానును తన సహోదరులును తన పనివారును గూడ జనులకు సొమ్మును ధాన్యమును అప్పిచ్చియున్నామని సభయందే యతడు చెప్పెను. పిమ్మటనే, ఈ దినముననే పొలములు మరల నిండు, ఆ నూటికొకటియు మరల నిండు అనెను. వారును సరేయనిరి. అతడు మాటతో దృప్తిపడక యాజకులను పిలిపించి ప్రమాణము చేయించెను. మన సంఘములయందు పాస్టరుగారు, పెద్దలు, పాఠశాలల యుపాధ్యాయులము, రాబోవు పంట కాలమునకు ముందు ఒక ఆదివారమున ఎవరియొద్ద నెన్ని నోట్లున్నవో, ఎంత వడ్డికి వ్రాయించినవో సంఘ సభలో జదివింప నొప్పుకొందుమా? అసలునకు రెట్టింపు ముట్టిన నోట్లను ఆ సభలోనే చింపివేయ నొప్పుకొందుమా? ఈ ప్రశ్నను మా ప్రాంతపు పెద్దల కొందరి యెదుట నేనుంచితిని. ఇద్దరు సమ్మతించిరి. ఒకరు ఆలోచించి చెప్పెదమనిరి. తక్కినవారు వర్షములు ఎప్పుడు బడునోయని మాట మార్చిరి.